ఆగమన్న చేతులు

మిట్టమధ్యాహ్నం. సిగ్నలమ్మ కుడిచెయ్యి పైకెత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పింది. ఎత్తమని దాని అర్థం. క్రేను గొలుసులు బిగుసుకున్నాయి, నల్లరాతి పలక నేల విడిచింది, కింద నిలబడ్డ తాపీవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. పొద్దున్నుంచీ ఇదే పని. భుజాలు పచ్చిపుండ్లయ్యాయి. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి లేదు. చెయ్యి కదిలిందంటే క్రేనుకి అది ఇంకో మాటై కూర్చుంటుంది. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ముక్కు గోక్కోబోతే పైనుంచి క్రేన్ బాబాయ్ కేకేశాడు: "ఏమ్మాయ్, బరువు నీ ముక్కు మీద దించమంటావా?"

ఆమెకో పేరు లేకపోలేదు. కానీ సైటు మీద ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే తిరిగి చూడదు. రెండేళ్ల కిందట ఈ నది మీద కడుతున్న వంతెన కూలి ఏడుగురు పోయారు. వాళ్లలో క్రేనుకి సిగ్నల్ ఇచ్చే మనిషి ఆమె మొగుడు. ఏడుపులు ఆరకముందే కంపెనీవాళ్లు పిలిచి, ఆయన హెల్మెట్టు లాంటిదే ఇంకోటి ఆమె నెత్తిన పెట్టి, ఆయన పనే ఆమెకిచ్చారు. అదీ రోజుకూలి మీద. "పర్మినెంటు చేస్తాంలేమ్మా, కాస్త ఓపిక పట్టు" అన్నారు. ఓపిక పట్టడం పేదవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా, పట్టింది. పనున్న రోజు కూలి, లేనిరోజు కుండలో నీళ్లు. గంట ఆలస్యమైతే సగం కూలి కోత.

ఇప్పుడు కడుతున్నది ఆ ఏడుగురి స్మారకమే. కూలిన వంతెన పక్కనే, సర్కారు స్థలంలో, సర్కారు ఖర్చుతో. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. బతికున్నన్నాళ్లూ చిరగని చేతితొడుగులు ఇవ్వడానికి మనసు రానివాళ్లు, చచ్చాక రెండంతస్తుల రాతిస్తంభం లేపుతున్నారు. అయినా సిగ్నలమ్మకి ఆ స్తంభం మీద ప్రేమే. రాయి తర్వాత రాయి తన చేతుల మీదుగానే లేచింది. కింద పలక మీద ఆయన పేరు చెక్కుతారు. ఎప్పుడైనా మనసు బాగోకపోతే వచ్చి ఆ అక్షరాలమీద వేలు పెట్టి చూసుకోవచ్చు అనుకుంది. అంతకంటే పెద్ద ఆశ ఆమెకి లేదు.

ఆరోజు రాళ్లన్నీ పైకెక్కాక లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద పట్టా కప్పిన సామాను. కూలీలు తాళ్లు విప్పి పట్టా లాగారు. ఎండ దాని మీద పడి అందరి కళ్లూ ఒక్కసారి మూతపడ్డాయి.

ఇత్తడి గుర్తు. మనిషికంటే ఎత్తు. సిగ్నలమ్మ మెడలో దారానికి వేలాడేదీ అదే గుర్తు, ఆమె అత్త పొద్దున లేవగానే కళ్లకద్దుకునేదీ అదే, ఊళ్లో పెద్ద ప్రార్థన మందిరం మీద ఉన్నదీ అదే. ఆమె చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. వెంటనే సందేహం వచ్చింది. ఇది ఇక్కడికెందుకొచ్చినట్టు?

"బాబాయ్, లారీవాడు దారి తప్పినట్టున్నాడు. మందిరం ఇటు కాదుగా?"

క్రేన్ బాబాయ్ అప్పుడే కిందికి దిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. పెద్ద మీసాలవాడు, ముప్పయ్యేళ్ల నుంచి క్రేన్లలోనే బతుకు. "తప్పలేదమ్మాయ్. సరిగ్గానే వచ్చింది. స్తంభం నెత్తిన పెడతారట. గురువారం మనమే ఎత్తాలి" అన్నాడు.

లారీలో ఇంకో పలక కూడా ఉంది, అక్షరాలు చెక్కినది. సైటు గేటు దగ్గర బోర్డుకి అంటించిన నక్షాలో ఆ పలక మీద ఏం రాస్తారో ఆమె చాలాసార్లు కూడబలుక్కుని చదువుకుంది. 'వంతెన పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న ఏడుగురు కార్మికులకు' అని. ఈ పలక మీద వేరే ఉంది. 'దైవ నిర్ణయానికి తలవంచి వెళ్లిన ఏడుగురికి' అని ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. పని అన్న మాట లేదు. వంతెన అన్న మాట లేదు. కార్మికులన్న మాటా లేదు.

తలవంచారట! ఎవరు వంచారు? ఒళ్లు మండిపోయింది ఆమెకి.

ఇంజనీరు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వంతెన కట్టేటప్పుడు చిన్న ఇంజనీరు, ఇప్పుడు పెద్ద ఇంజనీరు. వంతెన కిందికి పోతే ఆయన పైకి పోయాడు. మాట మాత్రం మెత్తగా ఉంటుంది.

"ఆఁ, నువ్వేనా, రామ్మా. నీకే కబురు పెడదామనుకుంటున్నా. ఆదివారం మంత్రిగారు ఆవిష్కరణకొస్తున్నారు. ఆయన చేతుల మీదుగానే నీకు పర్మినెంటు ఆర్డరు ఇప్పిస్తున్నా. సంతోషమేనా?"

రెండేళ్లుగా ఎదురుచూసిన మాట. సంతోషపడటానికి నోరు తెరిచింది గానీ మాట వేరేది వచ్చింది.

"సార్, ఆ గుర్తు నక్షాలో లేదు కదా?"

"తర్వాత చేర్చారు. పై నుంచి వచ్చింది. ఏం, నీకు భక్తి లేదా? మెడలో కూడా అదే ఉందిగా!"

"నాకుంది సార్. ఏడుగురికీ లేదుగా."

ఇంజనీరు నవ్వాడు. "అది మతం కాదమ్మా. త్యాగానికి గుర్తు. అందరిదీను."

"అందరిదైతే వెల్డర్ వాళ్లమ్మని అడిగారా సార్? వాళ్ల దేవుడు వేరు కదా. ఆరోజు పోయిన క్రేన్ డ్రైవరైతే అసలు దేవుడే లేడనేవాడు. 'పైన ఉండేది నేనేగా, నాకెప్పుడూ ఎవరూ కనపళ్లేదు' అనేవాడు. ఆయన నెత్తిన కూడా ఇదే పెడతారా?"

ఇంజనీరు నవ్వు ఆగింది. "నువ్వు సిగ్నల్ ఇవ్వడానికి ఉన్నావు, అందరి తరఫునా మాట్లాడటానికి కాదు. గురువారం గుర్తు పైకెళ్లాలి, ఆదివారం ఆర్డరు నీ చేతికి రావాలి. రెండూ సాఫీగా జరిగిపోనీ. వెళ్లిరా."

మాట మెత్తనే. లోపల ఎముక ఉంది. ఆమె వెళ్లింది.

*

ఇంట్లో అత్తకి సంగతి ముందే తెలిసిపోయింది. ఇలాంటి కబుర్లకి కాళ్లెక్కువ. గుమ్మంలోనే కూర్చుని ఉంది, మోకాళ్లకి గుడ్డ చుట్టుకుని.

"చూశావుటే? ఎంతుంది? మెరిసిపోతోందట కదా!" అంది.

"మెరుస్తోంది అత్తయ్యా."

"మా వాడి నెత్తి మీద దేవుడు నిలబడతాడే! ఇంకేం కావాలి? రోజూ అనుకుంటా, అంత చిన్న వయసులో నా కొడుకుని ఎందుకు తీసుకెళ్లావయ్యా స్వామీ అని. ఇదిగో, ఇందుకన్నమాట. పిలిచినవాడే పక్కన నిలబడ్డాడు." కొంగుతో కళ్లొత్తుకుని, ఆ కళ్లతోనే నవ్వింది.

సిగ్నలమ్మ చెంబెడు నీళ్లు తాగింది, ఇంకో చెంబు తాగింది. దాహం తీరలేదు. పొయ్యి ముట్టించింది, ఏదో వండింది, ఏం వండిందో ఆమెకే తెలియదు. గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. లోపలికెళ్లి బట్టలు మడిచింది, మడిచినవే విప్పి మళ్లీ మడిచింది. కాలు ఒకచోట నిలవట్లేదు.

"ఏమిటే ఆ తిరుగుడు? కూర్చోవే కాసేపు!" అని అత్త కసిరింది.

ఎలా కూర్చుంటుంది? అత్తకి చెప్పని మాట ఒకటి రెండేళ్లుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

ఆరోజు ఆమె అన్నం క్యారేజీ పట్టుకుని నది గట్టు మీదుగా వస్తోంది. వంతెన దూలాన్ని క్రేను గాల్లోకి ఎత్తింది. కింద, స్తంభానికి ఆనించిన ఇనుప దన్ను ఒకటి పక్కకి ఒరగడం ఆమె మొగుడు చూశాడు. వెంటనే రెండు చేతులూ పక్కలకి బార్లా చాచి ఊపాడు. ఆ సిగ్నల్ ఏమిటో సైటులో చేరిన మొదటిరోజే అందరికీ నేర్పుతారు. మిగతా సిగ్నళ్లు ఒక్కడే ఇవ్వాలి, ఇది మాత్రం ఎవరిచ్చినా చెల్లుతుంది. మేస్త్రీ అయినా, మట్టితట్ట మోసేదైనా, దారినపోయేవాడైనా సరే, రెండు చేతులూ చాచాడంటే ఆగిపోవాలి. ఎందుకో తర్వాత అడగాలి.

ఆరోజు ఆగలేదు. పొద్దుగూకేలోపు దూలం కూర్చోవాలని ఇంజనీరుకి తొందర. వైర్‌లెస్సులో క్రేన్ డ్రైవరుకి చెప్పాడు: "అటు చూడకు. రానీ, రానీ." గట్టు మీదికి కూడా ఆ గొంతు వినపడింది. ఆమె మొగుడు చేతులు దించలేదు. ఊపుతూనే ఉన్నాడు. అరుస్తూనే ఉన్నాడు. దన్ను జారింది. దూలమూ, క్రేనూ, వాటితోపాటు ఆరుగురూ, వాళ్లకి ఎదురుగా చేతులు చాచుకుని ఈయనా.

విచారణకొచ్చిన అధికారికి ఆమె అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నట్టే విని, "అంత దూరం నుంచి మాటలెలా వినపడ్డాయమ్మా?" అన్నాడు. చివరికి 'దైవికంగా జరిగింది' అని తేల్చారు. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికి అన్నట్టే ఉంది కదా! కానీ అత్త ఆ మాట పట్టుకుంది. దేవుడి నిర్ణయం అన్న ఒక్క మాట మీదే ఆవిడ మళ్లీ లేచి అన్నం తింది. దాన్ని లాగేసుకోవడానికి కోడలికి చేతులు రాలేదు. చెప్పలేదు. ఉద్యోగం కూడా వచ్చాక చెప్పడానికి ఇంకా భయమైంది. ఆ భయానికి ఏ పేరు పెట్టినా భయం భయమే.

*

మర్నాడు పని లేదు. ఆమె వెల్డర్ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.

సందు మలుపులో తోపుడుబండి, దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె, పక్కన కొండంత చొక్కాలు. కొడుకు పోయాక ముసలావిడ ఈ పని పెట్టుకుంది. పెట్టె ఎత్తినప్పుడల్లా నడుం వంకర తిరుగుతుంది. అయినా కాలర్ దగ్గర ఒక్క ముడత ఉండనివ్వదు.

"పెద్దమ్మా, విన్నావా?"

"విన్నా. నిన్న ఒకాయన చొక్కాలిచ్చిపోతూ చెప్పాడు. మంచిదే కదా అన్నాడు." పెట్టెలో బొగ్గులు ఊదింది. "నా కొడుకు పేరు మీ దేవుడి కాళ్ల కిందుంటుందన్నమాట."

సిగ్నలమ్మ నేల చూసింది.

"నీ మీద కోపం కాదు తల్లీ. మీ దేవుడి మీద అంతకన్నా కాదు. ఆయనేమైనా నన్నెక్కించండి అని అడిగాడా? నేను ఉప్పు కొంటే పన్ను, అగ్గిపెట్టె కొంటే పన్ను. ఆ డబ్బుతో నా కొడుకు నెత్తిన వేరేవాళ్ల గుర్తు పెడతారు. నా గుర్తు పెట్టమని నేను అడగలేదే! ఏమీ పెట్టొద్దు. పేరు చాలు. వెల్డింగు చేసేవాడు, పనిలో పోయాడు. అంతే రాయండి. అంతకంటే గొప్పవాడేం కాదు నా కొడుకు. అంతకంటే తక్కువవాడూ కాదు."

"రాసేది మారింది పెద్దమ్మా. దైవ నిర్ణయానికి తలవంచారని చెక్కారు."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. కాలుతున్న వాసన వచ్చాక ముసలావిడ ఉలిక్కిపడి ఎత్తింది. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. "అయ్యో, అయ్యో! ఇప్పుడీ చొక్కా నా నెత్తికి చుట్టుకుంటుంది" అని గొణిగింది. తర్వాత మచ్చని వేళ్లతో రుద్దుతూ, తల ఎత్తకుండా అడిగింది. "నువ్వు గట్టు మీద ఉన్నావట కదా ఆరోజు. అడుగుదామని రెండేళ్లుగా అనుకుంటున్నా, అడగలేకపోయా. నిజంగా అది ఎవరూ ఆపలేనిదేనా?"

సిగ్నలమ్మ చెప్పేసింది. ఇంట్లో మనిషికి చెప్పలేనిది ఇస్త్రీబండి దగ్గర నిలబడి మొత్తం చెప్పింది. దన్ను ఒరగడం, ఆయన చేతులు, వైర్‌లెస్సులో ఆ గొంతు. చెప్తుంటే ఆమె చేతులు వాటంతటవే పక్కలకి చాచుకున్నాయి.

"ఇలాగా?" ముసలావిడ కూడా చాచింది. ఒక చేతిలో ఇస్త్రీపెట్టె ఇంకా ఉంది.

"ఇలాగే. ఎవరు చాచినా ఆగాలి పెద్దమ్మా. అది రూలు."

"ఎవరు చాచినా సరేనా?"

"ఎవరు చాచినా."

ముసలావిడ చేతులు దించింది. ఇంకో చొక్కా తీసి బండి మీద పరిచింది. "నువ్వే ఎత్తుతున్నావటగా దాన్ని?" అని అడిగింది, మామూలుగా.

"ఎత్తకపోతే ఉద్యోగం పోతుంది పెద్దమ్మా. ఇంట్లో మంచం పట్టడానికి సిద్ధంగా ఉన్న అత్త ఉంది."

"తెలుసు తల్లీ. నేను నిన్ను ఎత్తొద్దనలేదు." అని తన పనిలో పడిపోయింది. సిగ్నలమ్మ వచ్చేసింది. ముసలావిడ తిట్టినా బాగుండేదనిపించింది.

*

గురువారం పొద్దున గాలి ఎక్కువగా ఉంది. సైటు చుట్టూ తాడు కట్టారు. ఫోటోలకి బాగుంటుందని ఇంజనీరు ఏడు కుటుంబాల వాళ్లనీ రమ్మన్నాడు. అందరూ రాలేదు. వచ్చినవాళ్లు తాడు వెనక నిలబడ్డారు. సిగ్నలమ్మ అత్త ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందు, మోకాళ్లు నొప్పిపుడుతున్నా కుర్చీ వద్దని నిలబడే ఉంది. దేవుడు లేస్తుంటే కూర్చుంటామా అంది. ఆ చివర వెల్డర్ వాళ్లమ్మ. చేతిలో ఏమీ లేకుండా ఆవిడని చూడటం సిగ్నలమ్మకి కొత్తగా ఉంది.

క్రేన్ బాబాయ్ మెట్లెక్కుతూ ఆగాడు. "ఏమ్మాయ్, ముఖం అలా ఉందేమిటి? పడుకోలేదా?"

"పడుకున్నా. నిద్ర పట్టలేదు."

"చూడూ, నాకు కింద ఎవరు నిలబడ్డారో, ఎవరేం అరుస్తున్నారో తెలీదు. నా కళ్లు నీ చేతుల మీదుంటాయి. పైన దేవుడే ఎదురొచ్చి పలకరించినా నేను నీ చేతుల్నే చూస్తా. సరేనా?"

"సరే బాబాయ్."

ఆమె తన చోటికెళ్లి నిలబడింది. ఇత్తడి గుర్తుకి పట్టీలు బిగించారు. ఎత్తేస్తాను, అనుకుంది. ఎత్తేసి ఇంటికెళ్తాను. ఆదివారం ఆర్డరు తీసుకుంటాను. లోకంలో నేనొక్కదాన్నేనా తల వంచేది? ఆ మాట మనసులో రాగానే పలక మీది అక్షరాలు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

కుడిచెయ్యి పైకి లేచింది. వేలు గుండ్రంగా తిరిగింది.

గుర్తు నేల విడిచింది. మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు. తాడు వెనక కొందరు చేతులు జోడించారు. అత్త గట్టిగా ప్రార్థన అందుకుంది. ఫోటోవాడు వంగి, లేచి, పక్కకి గెంతి ఫోటోలు తీస్తున్నాడు. గుర్తు సగం స్తంభం దాకా వెళ్లింది.

అప్పుడు వెల్డర్ వాళ్లమ్మ తాడు కింద నుంచి దూరి లోపలికి వచ్చింది. పరుగెత్తలేదు. కేక వెయ్యలేదు. రోజూ బండి దగ్గరికి నడిచేలాగే నడిచి, సిగ్నలమ్మకి ఎదురుగా, బరువుకి దూరంగా నిలబడి, రెండు చేతులూ పక్కలకి బార్లా చాచింది. చాచి ఊపింది.

"ఎవరది? ఆ ముసల్దాన్ని తీసెయ్యండి!" వెనక నుంచి ఇంజనీరు. కాపలావాడు రెండడుగులు వేసి, పైన వేలాడుతున్న బరువు చూసి ఆగిపోయాడు.

సిగ్నలమ్మ వేలు తిరుగుతూనే ఉంది. తిప్పుతున్నది తను కాదేమో అనిపించింది. ఎదురుగా ముసలావిడ సన్నటి చేతులు, ఇస్త్రీపెట్టె మోసి మోసి ఒకటి కిందికి ఒంగిన చేతులు. ఆమె ముసలావిడ కళ్లలోకి చూడలేకపోయింది, చూడకుండా ఉండలేకపోయింది.

ఇంజనీరు దగ్గరికొచ్చేశాడు. ఆమె చెవి దగ్గరే, మెత్తగా అన్నాడు. "అటు చూడకు. రానీ, రానీ."

అవే మాటలు. అదే గొంతు. రెండేళ్లలో ఒక్క అక్షరం మారలేదు.

ఆమె వేలు ఆగింది. పైకెత్తిన చెయ్యి పక్కకి వాలింది, రెండో చెయ్యి కూడా లేచింది. రెండు చేతులూ బార్లా చాచి, భుజాల్లో నొప్పి కలుక్కుమంటున్నా, ఊపింది.

క్రేను ఆగిపోయింది. గొలుసులు కిర్రుమన్నాయి. ఇత్తడి గుర్తు నేలకీ స్తంభం కొసకీ మధ్య వేలాడుతూ, గాలికి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?" ఇంజనీరు గొంతులో మెత్తదనం పోయింది. "పిచ్చి పట్టిందా? కానివ్వు!"

"ఆగమన్నారు సార్. ఆగాలి."

"ఎవరన్నారు? అదా? అదెవరు చెప్పడానికి?"

"ఎవరు చెప్పినా ఆగాలి సార్. మొదటిరోజు మాకు నేర్పింది మీరే."

ఇంజనీరు వైర్‌లెస్సు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "క్రేన్! పైకి తియ్. నేను చెప్తున్నా, పైకి తియ్!"

పైనుంచి బాబాయ్ గొంతు గరగరలాడుతూ వచ్చింది. "సిగ్నలమ్మ చేతులు చాచి ఉన్నాయి సార్. నాకు అదొక్కటే కనపడుతోంది."

"నీ ఉద్యోగం ఉండదు!"

"వేరే క్రేను చూసుకుంటా సార్. ముందు ఈ బరువు సంగతి తేలనీయండి. గాలి పెరుగుతోంది."

తాడు వెనక గోల మొదలైంది. దేవుణ్ణి మధ్యలో ఆపేస్తారా అని ఒకరు, ఆ ముసలమ్మ మాటా వినాలి కదా అని ఇంకొకరు. చనిపోయిన క్రేన్ డ్రైవరు తమ్ముడు మాత్రం తాడు కొస పట్టుకుని నిలబడ్డాడు. ఫోటోవాడు కెమెరా దించి ఎవర్ని తియ్యాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

ఇంజనీరు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఎంతసేపు నిలబడతావమ్మా అలా? చేతులు పడిపోవూ?"

"మా ఆయన్ని నిలబెట్టారుగా సార్. ఎంతసేపు నిలబెట్టారో మీకు గుర్తుండాలి."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. కానీ గాలి అటే వీస్తోంది. తాడు దగ్గర ప్రార్థన ఆగిపోయింది.

అత్త తాడు ఎత్తుకుని లోపలికి వచ్చింది. మోకాళ్లు పట్టుకుంటూ, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి కోడలి ముందు ఆగింది. ముఖంలో కోపమే ఉంది ముందు. "సిగ్గు లేదుటే నీకు? ఆయన్ని అలా గాల్లో... ఏమిటన్నావు నువ్వు? మా వాణ్ణి ఎవరు నిలబెట్టారు?"

ఇన్నాళ్లూ ఇంట్లో, పొయ్యి దగ్గర, పక్క మీద ఎన్నిసార్లు కూడగట్టుకున్నా రాని మాట, ఇంతమంది మధ్య, చేతులు కదపడానికి లేకుండా నిలబడి చెప్పాల్సి వచ్చింది.

"మీ అబ్బాయి ఆగమన్నాడత్తయ్యా. ఇలాగే. రెండు చేతులూ చాచి. నేను చూశా. ఆగమన్నా ఆపలేదు. తల వంచలేదు అత్తయ్యా మీ అబ్బాయి. మీకు చెప్పలేకపోయా, నన్ను క్షమించండి." ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి చేతుల్లేవు. బుగ్గల మీదుగా కారి మెడలో దారాన్ని తడిపాయి.

అత్త కోడలి చేతుల్ని చూసింది. అటు వెల్డర్ వాళ్లమ్మ చేతుల్ని చూసింది, అవీ ఇంకా చాచే ఉన్నాయి. తలెత్తి పైన తిరుగుతున్న ఇత్తడిని చాలాసేపు చూసింది. అలవాటుగా చేతులు జోడించబోయి, సగంలో ఆపుకుంది.

తర్వాత ఇంజనీరు వైపు తిరిగింది. జీవితంలో అంత పెద్ద ఉద్యోగి ముఖంలోకి ఆవిడ సూటిగా చూడటం అదే మొదలు.

"అయ్యా, మా వాడు ఆగమన్నాడా?"

ఇంజనీరు వైర్‌లెస్సు బటన్లు చూసుకున్నాడు. గుర్తు నీడ ఆయన బూట్ల మీదికి వచ్చింది, పక్కకి పోయింది, మళ్లీ వచ్చింది. పైన క్రేను ఇంజను గుర్రుగుర్రుమంటోంది. సిగ్నలమ్మ భుజాలు వణుకుతున్నాయి గానీ చేతులు దించలేదు.

"మిమ్మల్నేనయ్యా" అంది అత్త, ఇంకో అడుగు ముందుకేసి. "ఆగమన్నాడా, లేదా?"